నయం

జబ్బు మనిషి ఎలా ఉన్నాడని అడిగితే "బాగున్నాడు" అనడానికి మనవాళ్లు జంకుతారు. "నిన్నటి మీద కాస్త నయం" అంటారు. దేనికన్నానో లేకుండా ఈ మాట నిలబడదు. పైకి అనకపోయినా లోపల ఒక పోలిక ఉంటుంది. గుడ్డి కన్నా మెల్ల నయం. వానలో తడిసి రావడం కన్నా అరగంట ఆగడం నయం. బండి మీంచి పడ్డవాడు మోకాలు తుడుచుకుంటూ "ఇంకా నయం, తలకి తగల్లేదు" అంటాడు. అక్కడ పోలిక జరగబోయి తప్పిపోయినదానితో.

అదే మాట "చేయు"తోనో "అవు"తోనో కలిసేసరికి వైద్యమైపోతుంది. పుండు నయమైంది, జబ్బు నయం చేశారు. హెచ్చుతగ్గుల మాట కాస్తా ముగింపు మాట అవుతుంది. ఈ రెండు అర్థాల మధ్య ఎంత దూరముందో నేను ఐసీయూలో కదల్లేకుండా పడుకుని తెలుసుకున్నాను.

పండితులు నయాన్ని సంస్కృతంలో "నీ" ధాతువు దగ్గరికి తీసుకెళ్తారు. నడిపించడం, తీసుకుపోవడం అని దాని అర్థం. నాయకుడు, నయనం, వినయం, అనునయం అన్నీ అక్కణ్ణుంచి వచ్చినవే. నయమంటే నడత, నీతి. "నయాన భయాన" అన్నప్పటి నయానికి ఇది సరిపోతుంది. కానీ తెలుగు నయానికి మెత్తదనం, చవక, మేలు అనే అర్థాలు కూడా ఉన్నాయి. అవి నడిపించడంలోంచి తిన్నగా రావు. కన్నడంలో నయ అంటే నునుపు, మృదుత్వం. తమిళంలో నయం అంటే ఇంపు, నాణ్యత, మంచితనం. దక్షిణాది భాషలకి సొంతమైన నయం ఒకటి ముందే ఉండి, సంస్కృతం నయం వచ్చి దానితో కలిసిపోయిందనే నేను అనుకుంటాను. మన మాటలో మెత్తదనం పాలు ఎక్కువ.

నాకు వచ్చిన జబ్బు గిలియన్ బారీ సిండ్రోమ్. 2025 మొదట్లో పుణెలో కేసులు పెరిగి, గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో కూడా రోగులు చేరినప్పుడు జీబీఎస్ అనే పేరు మన పేపర్లలో కనిపించింది. నాకు అంతకుముందే వచ్చింది. 1916లో గిలియన్, బారీ, స్ట్రోల్ అనే ముగ్గురు ఫ్రెంచి వైద్యులు ఇద్దరు సైనికుల్లో దీన్ని వర్ణించారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే నరాల మీద పడుతుంది. విరేచనాలో జలుబో వచ్చి తగ్గిన కొద్దిరోజులకి పాదాల్లో తిమ్మిరి మొదలై పైకి పాకుతుంది. కాళ్లు, చేతులు, మొహం, ఒక్కోసారి ఊపిరి కండరాల దాకా. నాకు అక్కడిదాకా వెళ్లింది. గొంతులో గొట్టం, పక్కన వెంటిలేటరు. తెలివి మాత్రం ఎక్కడికీ పోదు. అన్నీ వినిపిస్తాయి, అన్నీ అర్థమవుతాయి, చిటికెన వేలు కదలదు.

అద్దం తలుపు దగ్గర మా ఆయన "నయమవుతుందాండీ?" అని అడగడం విన్నాను. "ఇది తగ్గే జబ్బేనండీ. టైమ్ పడుతుంది" అన్నారు డాక్టరుగారు. నయమవుతుందా అని అడిగితే తగ్గుతుందని చెప్పారు. తగ్గడం కూడా కొలతే. ఎంతకి తగ్గుతుందో, ఎక్కడ ఆగుతుందో ఆయన అనలేదు. పక్క మంచం మీది కుర్రాడి తల్లి, పాలమూరు మనిషి, వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగి "నయమైతది బిడ్డా" అని పోయేది. ఆవిడకి గడువులతో పని లేదు.

మాట పోయినవాళ్లకి అక్షరాల పట్టిక చూపించి మాట్లాడించవచ్చని ఎవరో చెబితే మా అమ్మాయి ఒకటి రాసి తెచ్చింది. నా రెప్పలు సరిగ్గా మూతపడేవి కావు కాబట్టి కనుగుడ్లు పైకెత్తితే అవునని లెక్క. ఇంగ్లీషుకి ఇరవయ్యారు అక్షరాలు చాలు. మనకి హల్లు వెతకాలి, గుణింతం వెతకాలి, ఒత్తు వెతకాలి. "నొప్పి" అనే రెండక్షరాలు పూర్తయ్యేలోపు విజిటింగ్ టైమ్ అయిపోయేది. రాత్రి డ్యూటీ సిస్టర్ ఆ పట్టిక వెనక్కి తిప్పి, పెద్ద అక్షరాలతో ఐదే మాటలు రాసింది: దాహం, నొప్పి, చలి, కఫం, తిప్పండి. ఆ ఐదు మాటలతోనే నాకు చాలా రాత్రులు గడిచాయి.

ఈ జబ్బులో కొందరికి చర్మం ముట్టుకుంటే ఓర్చుకోలేనంత బాధ ఉంటుంది. కింద దుప్పటి మడతపడినా తెలుస్తుంది. ఒత్తుడు పుళ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క తిప్పాలి. ఆ సిస్టర్ ముందు తన అరచేతులు రుద్దుకునేది. "అమ్మా, ఎడం పక్కకి తిప్పుతున్నా" అని చెప్పి, నేను విన్నట్టు కళ్లు కదిలించేదాకా ఆగి, భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి పెట్టేది. తర్వాత కళ్లలో చుక్కలు వేసి, రెప్పలు మూసి టేపు అంటించేది. చెప్పకుండా ఒక్క ఊపున తిప్పేసినవాళ్లూ ఉన్నారు. పనిలో తేడా లేదు, నొప్పిలో చాలా ఉంది. "నయంగా" అనే మాట నాకు ఆ చేతుల్లోనే అర్థమైంది. నా నరాలు బాగుపడింది ఆ చేతుల వల్లేనని అనను. అది మందు పని, కాలం పని. కానీ మందు పని చేసేదాకా మనిషి ఆ మంచం మీద బతకాలి కదా. ఆ బతుకు ఎలా గడుస్తుందన్నది ఆ చేతుల్లో ఉంటుంది. దాన్ని వైద్యంలో భాగం కాదంటే నేను ఒప్పుకోను.

ఆమెది కేరళ. తెలుగు బాగా వచ్చు, నిద్రమత్తులో మాత్రం సొంత భాష దొర్లేది. ఒకరోజు తెల్లవారుజామున "భేదం ఉందా?" అని అడిగింది. మలయాళంలో జబ్బు తగ్గడాన్ని భేదం అంటారు. మనం తేడా అనే అర్థంలో వాడే మాటే. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కనిపిస్తే అదే కోలుకోవడం. తర్వాత ఇరుగుపొరుగు భాషలు చూశాను. కన్నడంలో "అదక్కింత ఇదు వాసి" అంటే దానికన్నా ఇది నయమని. జబ్బు నయమైతే "వాసియాయితు". తమిళంలో దీనికి "తేవలై". ఒంట్లో నయంగా ఉందా అనడానికీ అదే, దానికన్నా ఇది మేలు అనడానికీ అదే. నాలుగు భాషల ఇళ్లలో కోలుకోవడానికి పెట్టుకున్న మాటలు నాలుగూ పోల్చే మాటలే. ఆరోగ్యం అలాంటిది కాదు. రోగం లేకపోవడం అని దాని అర్థం. ఉంటే ఉంది, లేకపోతే లేదు. మంచం మీద ఉన్నవాళ్లకి ఆ మాట ఎందుకూ పనికిరాదు.

వైద్యుల కొలబద్ద కూడా మన ఇంటిమాట లాంటిదేనని తర్వాత తెలిసి సంతోషం వేసింది. ఈ జబ్బుకి సున్నా నుంచి ఆరు దాకా మెట్లున్నాయి. సున్నా అంటే ఏ లోపమూ లేదు, నాలుగు అంటే మంచానికే పరిమితం, ఐదు వెంటిలేటరు, ఆరు మరణం. 1992లో నెదర్లాండ్స్ వైద్యులు ఇమ్యునోగ్లోబులిన్‌ అనే మందుని ప్లాస్మా మార్పిడి అనే చికిత్సతో పోల్చి చూసినప్పుడు ఎంతమందికి పూర్తిగా పోయిందన్నది ముఖ్యమైన లెక్కగా పెట్టుకోలేదు. నాలుగు వారాల్లో కనీసం ఒక్క మెట్టు మెరుగైనవాళ్లు ఎంతమందని చూశారు. ఇమ్యునోగ్లోబులిన్ తీసుకున్నవాళ్లలో నూటికి 53 మంది, ప్లాస్మా మార్పిడి వాళ్లలో 34 మంది. రెండూ సమానంగానే పనిచేస్తాయని తర్వాతి పరీక్షల్లో తేలింది.

నయానికి చవక అనే అర్థం కూడా ఉందన్నాను. "నయానికి దొరికింది" అంటాం. ఇమ్యునోగ్లోబులిన్ నయానికి దొరకదు. కిలో బరువుకి రోజుకి 0.4 గ్రాములు, ఐదు రోజులు. 60 కిలోల మనిషికి మొత్తం 120 గ్రాములు. వేలమంది ఇచ్చిన ప్లాస్మాలోంచి తీసే మందు కాబట్టి ఖర్చు లక్షల్లో ఉంటుంది. మా ఇంట్లో బంగారం వెళ్లింది. వెళ్లే బంగారం లేని ఇళ్ల సంగతి నేను ఆ వార్డు బయట బెంచీల మీద కూర్చున్న మొహాల్లో చూశాను. చవక, కోలుకోవడం అనే రెండు అర్థాలూ ఒకే మాటలో కలిసి ఉండగా, వైద్యంలో ఇలా విడిపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

డిశ్చార్జి కాగితంలో "ఇంప్రూవ్డ్" అని రాసిచ్చారు. నరం పైపొర త్వరగానే కుదుటపడవచ్చుగానీ, లోపలి తీగ దెబ్బతింటే అది రోజుకి ఇంచుమించు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది. నడుము నుంచి బొటనవేలి దాకా ఎంత దూరమో కొలుచుకోండి. చూడ్డానికి వచ్చినవాళ్లు "పూర్తిగా నయమైపోయిందా?" అంటే ఏం చెప్పాలో తోచేది కాదు. అరికాళ్లు ఇంకా మొద్దుగానే ఉన్నాయి, చెప్పు జారిపోయినా కిందికి చూస్తేగానీ తెలియదు. మా పెద్దాడపడుచు మాత్రం ఫోన్ చేసి "పోయినసారి మీద ఎలా ఉంది వదినా?" అని అడిగేది. ఆవిడకి చెప్పడం తేలిక. పోయినసారి జడ అమ్మాయి వేసింది, ఈసారి నేనే వేసుకున్నాను.