మయసభలో మగవాళ్లు

ఈ కథ ఎలా ముగిసిందో దాచడానికేమీ లేదు. రాసిన నీల్ స్ట్రాసే దాచలేదు. 2005లో అచ్చయిన అతని పుస్తకం ‘ది గేమ్’ పతనంతోనే మొదలవుతుంది. తోలులాంటి నల్లటి అట్ట, కాగితాలకు బంగారు అంచు, ఎర్రటి రిబ్బను. చేతిలోకి తీసుకుంటే బైబిలేమో అనిపిస్తుంది. తెరిస్తే ఒక మనిషి ఏడుస్తుంటాడు. ఆడవాళ్ల మనసు గెలవడంలో తనను మించినవాడు లేడని వేలమంది నమ్మిన మనిషి. చచ్చిపోతానంటున్న అతన్ని హాలీవుడ్‌లోని మానసిక చికిత్సా కేంద్రానికి తీసుకుపోతున్నాడు స్నేహితుడు. అది చూశాకే తక్కిన పేజీలన్నీ తిప్పుతాం. అందుకే అందులో ఎంత సంబరం జరుగుతున్నా మనం మనస్ఫూర్తిగా నవ్వలేం.

అతని పేరు ఎరిక్ ఫాన్ మార్కోవిక్. టొరంటో వాడు, ఇంద్రజాలికుడు. వేదిక కోసం పెట్టుకున్న ‘మిస్టరీ’ అన్న పేరే చివరికి అతనికి ఇంటిపేరూ ఒంటిపేరూ అయింది. పేకముక్క మాయం కావాలంటే చేతికి ఎంత సాధన కావాలో తెలిసినవాడు. ముక్కూ మొహం తెలియని అమ్మాయిని నవ్వించడానికీ ఆ సాధనే చాలుననుకున్నాడు. రాత్రుళ్లు క్లబ్బులు తిరిగాడు. ఏ మాటకు ఏ చూపు బదులొస్తుందో గమనించాడు. గమనించినదంతా ఒక పద్ధతిగా కూర్చి, డబ్బు తీసుకుని నేర్పాడు. కనబడిన మూడు సెకన్లలోపు పలకరించాలి, ఆలోచిస్తే భయం పట్టుకుంటుంది. అందగత్తెను పొగడకూడదు, చిన్న ఎత్తిపొడుపు మాట విసరాలి. దానికి ‘నెగ్’ అని పేరు. బొచ్చుటోపీ, ఎత్తుమడమల బూట్లతో నెమలిలా నలుగురిలో కనబడాలి. ఆకర్షణ మొదటి దశ, దగ్గరితనం రెండోది, పడక మూడోది. పలకరింపు నుంచి పడక దాకా ఇంచుమించు ఏడు గంటలు.

ఆ రెండో దశ దగ్గర నా మనసు ఆగిపోతుంది. చిన్ననాటి దిగులు ఒకరికొకరు చెప్పుకోవడం, చేతిలో చెయ్యి వేసి ఊరకే కూర్చోవడం, మాటలు అయిపోయినా లేవబుద్ధి కాకపోవడం. మనిషి దేనికోసం ఇంత తిరుగుతాడో అదంతా ఆ పటంలో ఒక మధ్య మజిలీ. దాటిపోవలసిన చోటు. అక్కడే దిగిపోయి ఉండిపోవచ్చునని చెప్పినవాళ్లు లేరు. చెబితే రెండో పాఠానికి డబ్బు కట్టేవాళ్లూ ఉండరు కదా.

కట్టినవాళ్లు ఎవరు? దుర్మార్గులేనా? స్ట్రాస్‌నే చూడండి. ‘న్యూయార్క్ టైమ్స్’కూ ‘రోలింగ్ స్టోన్’కూ రాసే విలేఖరి, పేరున్నవాడు. బట్టతల, పొట్టి మనిషి, అమ్మాయి ఎదుట నోరు పెగలనివాడు. 500 డాలర్లు కట్టి మిస్టరీ నడిపే ‘బూట్‌క్యాంపు’ శిక్షణలో చేరాడు. అలాంటివాళ్లే ఊరూరి నుంచీ వచ్చారు. వాళ్ల భయం మనకు తెలియనిదేం కాదు. మయసభలో నీళ్లలో జారిపడ్డ దుర్యోధనుణ్ణి తడిసిన బట్టలు ఏం బాధించాయి? వినబడిన నవ్వు బాధించింది. ఆ నవ్వు మళ్లీ వినకుండా ఉండడానికి అతను ఏం చేశాడో, దానికి ఎవరు మూల్యం చెల్లించారో మనకు తెలుసు. ఈ కుర్రాళ్లు నవ్వుకు జడిసే ఇక్కడికి వచ్చారు. ప్రేమ కోసం వచ్చామనుకున్నారు.

మయసభ లాంటిదే ఒక ఇల్లు కూడా దొరికింది వాళ్లకు. లాస్ ఏంజెలస్‌లో సన్‌సెట్ బులివార్డ్ పైన, ఒకనాడు గాయకుడు డీన్ మార్టిన్ ఉన్న భవనం. మిస్టరీ, స్ట్రాస్, మరికొందరు కలిసి అద్దెకు తీసుకుని ‘ప్రాజెక్ట్ హాలీవుడ్’ అని పేరు పెట్టారు. వేల మైళ్ల దూరాల నుంచి ఒంటరితనాన్ని వెంటపెట్టుకు వచ్చిన మగపిల్లలు ఒకే కప్పు కింద చేరారు. ఇంతకంటే మంచి అవకాశం వాళ్లకు మళ్లీ రాలేదు. ఒక్క రాత్రి, క్లబ్బుకు వెళ్లకుండా, ఆ హాల్లో కూర్చుని ‘నాకు భయంగా ఉందిరా’ అని ఒకడు అని ఉంటే! పక్కవాడు ‘నాకూ అంతేరా’ అని ఉంటే! వాళ్లు వెతుక్కుంటూ వచ్చింది సగం అక్కడే, ఆ సోఫాల మీదే దొరికి ఉండేది.

అననే లేదు. పాఠాలు చెప్పే ఇల్లు వ్యాపారాల ఇల్లయింది. ఒకరి శిష్యుల్ని ఒకరు లాక్కున్నారు. ‘రియల్ సోషల్ డైనమిక్స్’ కంపెనీ అక్కడే రెక్కలు విప్పింది. ఎవరు ఎక్కువ అబద్ధాలాడతారు, మగవాళ్లా ఆడవాళ్లా అని అమ్మాయిల్ని అడగడం వాళ్ల పాఠాల్లో పేరుపడ్డ పలకరింపు. అదే వాక్యం, అదే విరుపు, మనిషి మాత్రం వేరు. తను మనుషుల్ని కాదు, మరబొమ్మల్ని తయారుచేస్తున్నానా అన్న అనుమానం స్ట్రాస్‌కు అప్పుడే వచ్చింది. వచ్చి కూడా ఆగలేదు.

ఇంతలో మిస్టరీ నిజంగా ప్రేమించాడు. ఆ అమ్మాయి అదే ఇంట్లోని స్నేహితుడికి దగ్గరైంది. పద్ధతిలో దీనికి దశ లేదు. పోయిన మనిషి కోసం ఏడవడం ఎలాగో ఏ బూట్‌క్యాంపూ నేర్పలేదు. పుస్తకం మొదట్లో చూసిన ఏడుపు ఇదే. అంతకుముందు టొరంటోలోనూ అతను ఇలాగే కుప్పకూలాడు. అది ఒక హెచ్చరిక. కోలుకోగానే మళ్లీ టోపీ పెట్టుకుని పాఠం చెప్పడానికి వెళ్లాడు. వెళ్లమని ప్రోత్సహించినవాళ్లు అతన్ని ప్రేమించినవాళ్లే. అదే కష్టంగా ఉంటుంది నాకు. పుస్తకం బజారులోకి వచ్చేసరికే ఆ ఇల్లు చెదిరిపోయింది. పుస్తకం మాత్రం విపరీతంగా అమ్ముడుపోయింది. కన్నీళ్ల అధ్యాయం దాటి చిట్కాల అధ్యాయాలకు వెళ్లారు పాఠకులు. 2007లో వీహెచ్1 చానల్ మిస్టరీని గురువుగా కూర్చోబెట్టి ‘ది పికప్ ఆర్టిస్ట్’ అనే షో నడిపింది.

తర్వాతి ఏళ్ల గురించి ఎక్కువ చెప్పను. 2014లో ‘రియల్ సోషల్ డైనమిక్స్’ శిక్షకుడు జూలియన్ బ్లాంక్ మహిళల తలను బలవంతంగా తన వైపు లాక్కునే వీడియోలు చూసి ఆస్ట్రేలియా వీసా రద్దు చేసింది, బ్రిటన్ రానివ్వనంది. అదే ఏడాది మే నెలలో కాలిఫోర్నియాలోని ఐలా విస్టాలో ఒక యువకుడు ఆరుగురిని చంపి తనూ చనిపోయాడు. ఈ విద్యల చేతిలో మోసపోయామని కసితో రగిలే మగవాళ్ల బృందంలో అతనూ ఉండేవాడు. ఒక నేరానికి ఒక పరిశ్రమను కారణం చెయ్యలేం. కానీ చనిపోయినవాళ్ల వయసు తలుచుకుంటే ఆ మాట అనడానికి నోరు రాదు. క్లబ్బుల్లో ‘టార్గెట్’ అని పిలిపించుకున్న అమ్మాయిల పేర్లూ ఈ కథలో ఎక్కడా నిలవలేదు. తమతో మాట్లాడుతున్నది మనిషో పాఠమో తెలియకుండానే ఆ రాత్రి ఇంటికి వెళ్లిపోయినవాళ్లు వాళ్లు.

లండన్‌లో ఇలాంటి శిక్షణల మధ్య తిరిగి పరిశోధించిన రేచల్ ఓనీల్ 2018లో పుస్తకం వేసింది. ప్రేమను కూడా ఉద్యోగంలా, మెరుగుపరుచుకోవలసిన నైపుణ్యంలా చూడమనే కాలమే ఈ మగవాళ్లను తయారుచేసిందని ఆమె వాదన. ఆ వాదనలో కోపం కంటే స్పష్టత ఎక్కువ.

ఇక స్ట్రాస్. ‘ది గేమ్’ చివర అతనికి ఒక గిటారిస్టు అమ్మాయి తారసపడుతుంది. నేర్చుకున్నదేదీ ఆమె దగ్గర పారలేదు. అంతకంటే మంచి మలుపు ఏం కావాలి? అయినా పుస్తకం తర్వాత అతను చేసింది ‘స్టైల్‌లైఫ్’ పేరుతో తన సొంత పాఠాలు అమ్మడం. ఏళ్లు గడిచాక ఒక మనిషిని ప్రేమించాడు, ఆమెను మోసం చేశాడు, లైంగిక వ్యసనానికి చికిత్స కోసం చేరాడు. వేలమందికి మొదటి మాట నేర్పినవాడు, ఇంట్లో ఎదురుగా ఉన్న మనిషితో నిజం చెప్పడం అక్కడ అక్షరాభ్యాసం నుంచి మొదలుపెట్టాడు. 2013లో వాళ్ల పెళ్లి జరిగింది. 2015లో ‘ది ట్రూత్’ రాశాడు. తన బాల్యాన్నీ, తల్లినీ, దగ్గరితనం అంటే తనకున్న దడనూ విప్పి చెప్పిన పుస్తకం. మొదటి పుస్తకం కంటే మంచిదని నా అభిప్రాయం. 2018లో వాళ్లిద్దరూ విడిపోయారు. అప్పటికి వాళ్లకు ఒక చిన్న కొడుకు.