యూనిఫాం లేని డ్రైవర్లు: మెక్సికో దండయాత్రలో లారీ రవాణా (1916–17)

1916 మార్చి 9 తెల్లవారుజామున మెక్సికో విప్లవ నాయకుడు పాంచో విల్లా మనుషులు న్యూమెక్సికోలోని కొలంబస్ ఊరిమీద పడ్డారు. ఆరు రోజులకు జనరల్ జాన్ పెర్షింగ్ సేన అతన్ని వెతుక్కుంటూ సరిహద్దు దాటి చివావా రాష్ట్రంలో అడుగుపెట్టింది. అమెరికా సైన్యం లారీలమీద ఇంతగా ఆధారపడిన తొలి దండయాత్ర ఇదే. అయితే తొలి లారీ దళాల్లో స్టీరింగు పట్టినవారిలో చాలామంది సైనికులు కారు, జీతానికి కుదిరిన పౌరులు. చరిత్రల్లో ఆ దండయాత్రలో వాడిన విమానాలకూ లారీలకూ దక్కిన చోటు వీళ్ళకు దక్కలేదు.

లారీల అవసరం రాజకీయం వల్ల వచ్చింది. మెక్సికోలో కర్రాన్సా ప్రభుత్వం తమ రైళ్ళలో సైనిక సరుకు పంపడానికి ఒప్పుకోలేదు. కంచరగాడిదల బండ్లు అశ్వదళం వేగాన్ని అందుకోలేవు. అప్పుడు సైనిక ప్రధానాధికారి హ్యూ స్కాట్, కాంగ్రెసు మంజూరు కోసం ఆగకుండానే లారీలు కొనమన్నాడు; యుద్ధశాఖ మంత్రి న్యూటన్ బేకర్ అతన్ని సమర్థించాడు. ఆ ఖర్చు 4,50,000 డాలర్లని స్కాట్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. బండ్లు వెంటనే దొరికాయి గాని, గుర్రాల మధ్య పెరిగిన సైన్యంలో వాటిని నడపగలిగేవాళ్ళు కొద్దిమందే. అందుకే క్లీవ్‌లాండ్‌లో తయారైన వైట్ లారీలకూ, కెనోషాలో తయారైన జెఫ్రీ క్వాడ్‌లకూ బయటి డ్రైవర్లను, మెకానిక్‌లను కుదుర్చుకోవలసి వచ్చింది.

కొలంబస్ నుంచి చివావాలో పెర్షింగ్ సేన ఉన్న కొలోనియా దుబ్లాన్ శిబిరానికి దాదాపు 120 మైళ్ళు. రోడ్డు అనడం మర్యాద కోసమే. ఎండాకాలం ఇసుకలో, వానాకాలం బురదలో, గాలి లేని గట్టి రబ్బరు టైర్లతో ప్రయాణం. లారీ తాగే పెట్రోలు కూడా లారీలే మోయాలి. రకరకాల కంపెనీల బండ్లు కావడంతో ఒకదాని విడిభాగం మరొకదానికి పనికిరాదు. దారిలో ఇంజను ఆగితే డ్రైవరు అనుభవమే దిక్కు.

ఇక్కడొక వైచిత్రి ఉంది. బండ్లు తోలేవాళ్ళుగా, గుమస్తాలుగా పౌరులను పెట్టుకునే పాత పద్ధతిని తగ్గించి, ఆ పనులకు సైనికులనే నియమించాలని 1912లో చట్టం చేశారు. నాలుగేళ్ళు తిరక్కుండానే మోటారు మళ్ళీ పౌరుణ్ణి తెచ్చింది. కాపలాకు వచ్చే మామూలు సిపాయి జీతం నెలకు 15 డాలర్లు. డ్రైవరుకు బయటి రేటు ఇవ్వాల్సిందే, అది అంతకన్నా ఎక్కువ. అలాగని అతను పూర్తిగా స్వతంత్రుడూ కాడు. రణరంగంలో సేనతో కలిసి పనిచేసే పౌరులకూ సైనిక శిక్షాస్మృతి వర్తించేది. కనుక అతణ్ణి ఉత్త కూలివాడిగానో, సగం సైనికుడిగానో తేల్చేయడం సరికాదు.

1917 ఫిబ్రవరి 5న సేన తిరిగివచ్చింది. విల్లా దొరకలేదు. ఏప్రిల్‌లో అమెరికా ప్రపంచయుద్ధంలోకి దిగాక సైనికులకే పెద్దయెత్తున డ్రైవింగు నేర్పారు. విడిభాగాలన్నీ ఒకే కొలతలో ఉండే లిబర్టీ లారీ తొలి నమూనాలు ఆ అక్టోబరులో తయారయ్యాయి. ఈ మార్పులను మెక్సికో పాఠాలుగా చెప్పే పరిశోధకులు, ఆ పాఠాలు మొదట ఎవరి చేతులమీదుగా వచ్చాయో కూడా చెప్పాలి. అందుకు సేనాధిపతుల నివేదికలు చాలవు, డ్రైవర్ల జీతాల పట్టీలనూ చదవాలి.