పొయ్యి ఆరాక అడిగిన లెక్క

డబ్బాలో బియ్యం అడుగంటక ముందే ఏ ఇల్లాలైనా మేలుకుంటుంది. యుద్ధకాలంలో ప్రభుత్వం ఆలస్యంగా మేలుకుంటే ఏమవుతుందో 1943లో బెంగాలు చూసింది.

1942 మార్చిలో రంగూను జపాను వశమై, బర్మా బియ్యం ఆగిపోయింది. అక్టోబరులో మిడ్నపూరును తుఫాను ముంచేసింది. డిసెంబరులో కలకత్తాలో మణుగు బియ్యం 13, 14 రూపాయలు. అక్కడి మణుగంటే సుమారు 37 కిలోలు లెండి. ఇంకా పెరగనీ అని సరుకున్నవాళ్ళు దాచారు. ధర కట్టడి చేస్తే సరుకు బజారుకు రావడం లేదని, 1943 మార్చిలో ప్రభుత్వం ఆ కట్టడి కాస్తా ఎత్తేసింది! మే నెలకల్లా ధర 30 దాటింది. అదే మే నెలలో బొంబాయిలో రేషను మొదలైంది. కలకత్తాకు అది 1944లో గానీ రాలేదు.

అసలు బియ్యమే లేదేమో అంటారా? 1943లో బెంగాలులో ఉన్న తిండిగింజలు 1941 కంటే తక్కువేమీ కావని అమర్త్య సేన్ 1981లో లెక్కలు చూపారు. కాదనేవారూ ఉన్నారు. కానీ పల్లెకూలీ, జాలరి ఆ ధర పెట్టి కొనలేకపోయారన్నది మాత్రం నిజం.

మరి విచారణ జరగలేదా? జరిగింది. 1944లో ఉడ్‌హెడ్ అధ్యక్షతన సంఘం వేశారు. సకాలంలో గట్టి చర్యలు తీసుకునుంటే ఈ ఘోరం చాలావరకు ఆగేదని 1945లో ఆ సంఘమే తేల్చింది. దాని లెక్కలో పోయినవారు 15 లక్షలు; తర్వాతి పరిశోధకులు 30 లక్షల దాకా చెబుతారు.

రేషను క్యూలో నిలబడి విసుక్కున్న రోజులు మనలో చాలామందికి గుర్తే. ఆ కార్డు వెనుక ఇంత కథ ఉంది. పొయ్యి ఆరాక అడిగితే లెక్క తేలుతుంది గానీ, అన్నం ఉడకదు.