తెల్లమొటిమలు

ముఖంపై ఆవగింజంత బొడిపెలుగా లేచే, సాధారణంగా నొప్పి లేని మొటిమలు. చర్మరంధ్రం మూసుకుపోయి లోపల జిడ్డు, మృతకణాలు పేరుకోవడం వల్ల వస్తాయి. మూతి తెరుచుకుంటే అదే నల్లమొటిమ. ఆ నలుపు మురికి కాదు, ఎంత రుద్దినా పోదు.

తమిళనాడులోని రాయవేలూరు (వేలూరు), గుడియాత్తం ఎండలు మెండుగా కాసే ఊళ్లు. ఇలాంటి చోట్ల తలకు దట్టంగా పట్టించిన నూనె చెమటతో నుదుటికి దిగితే, జుట్టు అంచు వెంబడి ఇవి వరుసగా పుట్టుకొస్తాయి. నిమ్మరసం, టూత్‌పేస్టు పూస్తే చర్మం మండుతుందే తప్ప రంధ్రం తెరుచుకోదు. గిల్లితే చామనచాయ ముఖంపై మచ్చ నెలల తరబడి నిలుస్తుంది.

చికిత్సలో అడాపలిన్ జెల్ ప్రధానం. రాత్రి ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరాక, శనగగింజంత తీసుకుని మొటిమ మీద చుక్కలా కాకుండా ముఖమంతా పలుచగా రాయాలి. మొదట్లో చర్మం పొడిబారి పొట్టు లేస్తుంది, అప్పుడే మానేయకూడదు. ఫలితానికి 8–12 వారాలు పడుతుంది. గర్భిణులు వాడరాదు. తెల్లబడతామని రాసుకునే స్టెరాయిడ్ క్రీములు మొటిమలను పెంచుతాయి. 2018లో కేంద్రం ఇలాంటి అనేక క్రీములను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని ఆదేశించింది.

ప్రతి మచ్చా మొటిమ తాలూకుది కాదు. స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కుష్ఠు లక్షణం కావచ్చు. వేలూరు సమీపంలోని కరిగిరిలో 1955 నుంచి ఈ వ్యాధికి ప్రత్యేక వైద్యకేంద్రం ఉంది. అలాంటి మచ్చ కనిపిస్తే వెంటనే చూపించుకోవాలి. మందులతో కుష్ఠు పూర్తిగా నయమవుతుంది.