భిన్నాల రకాలు: ఇంటి లెక్క, బడి లెక్క

ఒక మొత్తాన్ని సమాన భాగాలుగా విభజించి, వాటిలో కొన్నింటిని సూచించే సంఖ్యను భిన్నం అంటారు. ఈ నిర్వచనానికి 'సమాన' అనే మాట ప్రాణం వంటిది. ఒక బొబ్బట్టును పెద్దదిగా, చిన్నదిగా రెండు ముక్కలు చేస్తే వాటిలో ఏదీ సగం కాదు. గీత క్రింది సంఖ్య హారం. మొత్తం ఎన్ని సమభాగాలైనదో అది తెలుపుతుంది. పై సంఖ్య లవం. వాటిలో తీసుకొన్న భాగాలెన్నో అది తెలుపుతుంది.

ముఖ్యమైన రకాలు

క్రమ భిన్నం: లవం హారం కంటె చిన్నది, విలువ 1 కంటె తక్కువ. ఉదా: 3/4.

అపక్రమ భిన్నం: లవం హారానికి సమానం గాని, అంతకంటె పెద్దది గాని. ఉదా: 4/4, 7/4.

మిశ్రమ భిన్నం: పూర్ణాంకం, క్రమ భిన్నం కలిసినది. 7ను 4తో భాగిస్తే భాగఫలం 1, శేషం 3. కనుక 7/4 అనగా ఒకటీ ముప్పావు.

సజాతి, విజాతి భిన్నాలు: హారాలు ఒకటే అయితే సజాతి (2/7, 3/7); వేరైతే విజాతి (1/4, 1/6).

సమాన భిన్నాలు: రూపం వేరైనా విలువ ఒక్కటే. ఉదా: 1/2, 2/4, 4/8.

పిల్లలు తడబడే చోటు

1/4, 1/6లను కూడమంటే చాలామంది పిల్లలు పైవాటిని పైన, క్రిందివాటిని క్రింద కూడి 2/10 అని వ్రాస్తారు. 2/10 అనగా 1/5. అది 1/4 కంటెనే తక్కువ. కూడిన తరువాత విలువ తగ్గదు గదా! ముందుగా రెండింటినీ సజాతి భిన్నాలుగా మార్చాలి: 3/12, 2/12. మొత్తం 5/12.

'నాలుగింట మూడు' అనేటప్పుడు తెలుగులో హారం ముందు వస్తుంది. విన్న వరుసలోనే వ్రాసే పిల్లవాడు 4/3 వేస్తాడు. అది లెక్క రాకపోవడం కాదు, మాటల వరుస తెచ్చిన చిక్కు.

సరిహద్దు బడులలో పేర్ల తేడా

లవహారాలను కన్నడంలో అంశ, ఛేద అనీ, తమిళంలో తొగుది, పగుది అనీ, ఒడియాలో లవ, హర అనీ, మరాఠీలో అంశ, ఛేద అనీ అంటారు. కన్నడంలో 'సమ భిన్నరాశి' అంటే క్రమ భిన్నం. 'విషమ భిన్నరాశి' అంటే అపక్రమ భిన్నం. తెలుగు ఇంటి బిడ్డ 'సమ' అని వినగానే సమాన భిన్నమనుకొనే ప్రమాదముంది. ఇంట్లో లెక్క చెప్పేవారు ముందుగా బడిలో వాడే పేరేదో అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇంటి మాటల సాయం

కాలు, అర, ముక్కాలు అనే మాటలు తెలుగు, కన్నడ, తమిళాలలో దగ్గరగానే వినిపిస్తాయి. తెలుగులో పరక అంటే 1/8, వీసం అంటే 1/16. 1957లో దశాంశ నాణేలు వచ్చే వరకు రూపాయికి 16 అణాలు. అందులో పావలా 4 అణాలు, బేడ 2 అణాలు. పావలా కంటె బేడ చిన్నదని పెద్దలు చెప్పగలిగితే, 1/4 కంటె 1/8 ఎందుకు చిన్నదో బిడ్డకు వేరే చెప్పనక్కరలేదు.