హెపటైటిస్-బి: వివక్షపై రోగుల గళం

హెపటైటిస్-బి వైరస్ సోకినవారు తమ అనుభవాలను తామే బయటికి చెప్పుకుంటూ, ఆ జబ్బు చుట్టూ పేరుకున్న భయాన్నీ, చదువుల్లో, ఉద్యోగాల్లో, పెళ్లిళ్లలో ఎదురయ్యే వివక్షనూ ఎదిరించిన చరిత్ర ఇది. 1970ల చివర్లో అమెరికాలో రోగుల తరఫున ఇతరులు కోర్టులో వాదించారు. 2003 నాటికి చైనాలో బాధితులే కోర్టు మెట్లెక్కారు. 2017లో సొంత గొంతుతో చెప్పిన వీడియో కథనాలు వచ్చాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022లో 25.4 కోట్ల మందికి దీర్ఘకాలిక హెపటైటిస్-బి ఉంది. వారిలో ఆ సంగతి పరీక్షలో తేలినవారు 13 శాతం, మందులు వాడుతున్నవారు 3 శాతం. టీకా వచ్చి నలభై ఏళ్లు దాటింది, వైరస్‌ను అదుపులో ఉంచే మాత్రలూ ఉన్నాయి. అయినా అంకెలు ఇలా ఉన్నాయంటే డబ్బు, వైద్య సదుపాయాల కొరతతో పాటు సిగ్గు, భయం కూడా కారణమే. పాజిటివ్ అని తేలితే ఉద్యోగం పోతుందనీ, కుదిరిన సంబంధం తప్పిపోతుందనీ భయపడేవారు పరీక్ష దాకా వెళ్లరు.

భయం ఎక్కడ పుట్టింది

ఈ వైరస్ రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. కలిసి తింటే రాదు, చేయి కలిపితే రాదు, దగ్గితే రాదు. అయినా ఇంట్లో అన్నిటికంటే ముందు వేరయ్యేవి వైరస్ సోకిన మనిషి కంచం, గ్లాసు. కలుషితమైన నీటి వల్ల, తిండి వల్ల వచ్చే హెపటైటిస్-ఎ, ఈ హెపటైటిస్-బి రెండూ జనం నోట ‘కామెర్లు’గానే చలామణీ కావడం ఈ గందరగోళానికి ఒక మూలం. లైంగికంగా సోకుతుందన్న మాట వినగానే మనిషి నడవడిని శంకించడం మరొకటి. నిజానికి ఆసియా దేశాల్లో చాలామందికి ఇది పుట్టుకతోనో పసితనంలోనో సోకినదే. అప్పుడు నింద తల్లి మీదికి మళ్లుతుంది. తనకే తెలియని జబ్బును బిడ్డకిచ్చానన్న అపరాధ భావం తల్లుల కథనాల్లో పదేపదే వినిపిస్తుంది.

అమెరికా శాస్త్రవేత్త బారూక్ బ్లంబర్గ్ బృందం ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో కొత్త ప్రొటీన్‌ను గుర్తించి 1965లో ప్రకటించింది. అదే హెపటైటిస్-బి వైరస్‌కు చెందిన ఆస్ట్రేలియా యాంటిజెన్. ఈ పరిశోధనకు బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ బహుమతి లభించింది. దీన్ని ఆధారం చేసుకున్న రక్తపరీక్ష లెక్కలేనన్ని ప్రాణాలు కాపాడింది. అయితే ఏ జబ్బు లక్షణమూ లేని మనిషికి ‘క్యారియర్’ అన్న ముద్ర వేసే వీలు కూడా ఆ పరీక్షతోనే వచ్చింది.

కోర్టులో మొదలు

న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలండ్‌లో మానసిక వైకల్యం ఉన్న పిల్లల కోసం విలోబ్రూక్ అనే ప్రభుత్వ వసతి సంస్థ ఉండేది. కిక్కిరిసిన ఆ గదుల్లో హెపటైటిస్ విచ్చలవిడిగా వ్యాపించింది. పైగా 1950ల నుంచి సాల్ క్రూగ్‌మన్ అనే వైద్యుడి బృందం పరిశోధన పేరుతో అక్కడి కొందరు పిల్లలకు కావాలనే వైరస్ ఎక్కించింది. వైద్య నీతి చరిత్రలో మాయని మచ్చ అది. ఆ తర్వాత కోర్టు ఉత్తర్వులతో పిల్లలు బయటికొచ్చి నగరంలోని మామూలు బడుల్లో చేరారు. అప్పుడు న్యూయార్క్ విద్యాబోర్డు వారిలో హెపటైటిస్-బి ఉన్నవారిని వేరుగా కూర్చోబెట్టాలని చూసింది. ఇతర పిల్లలకు ముప్పు ఉందనడానికి తగిన ఆధారం చూపకుండా అలా వేరుచేయడం వికలాంగుల హక్కుల చట్టానికి విరుద్ధమని ఫెడరల్ అప్పీలు కోర్టు 1979లో తీర్పు చెప్పింది. ఆ పిల్లల తరఫున పోరాడింది తల్లిదండ్రుల సంఘం, న్యాయవాదులు. 

1991లో పెన్సిల్వేనియాలో రెండు జంటలు, జబ్బు బారినపడిన ఒక చిన్న కుటుంబానికి ఏదైనా చేయాలన్న తపనతో, హెపటైటిస్-బి ఫౌండేషన్‌ను స్థాపించాయి. పరిశోధనతో పాటు రోగుల ప్రశ్నలకు జవాబివ్వడాన్ని కూడా ఈ సంస్థ తన పనిగా పెట్టుకుంది.

చైనా: మారుపేర్ల నుంచి న్యాయస్థానం దాకా

ఈ చరిత్రలో అన్నిటికన్నా బరువైన అధ్యాయం చైనాది. 2000ల మొదట్లో అక్కడ సుమారు 12 కోట్ల మందికి ఈ వైరస్ ఉందని అంచనా. సర్కారు కొలువుకు, కళాశాల సీటుకు, హోటల్లో పనికి, దేనికైనా అప్పట్లో వైద్యపరీక్ష తప్పేది కాదు. అందులో హెపటైటిస్-బి ఉందని తేలితే దారి మూసుకుపోయేది. బాధితులు ఇంటర్నెట్‌లో మారుపేర్లతో ఒకరికొకరు గోడు చెప్పుకోవడం 2001 ప్రాంతంలో ఊపందుకుంది. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోలేని మాట ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పుకోగలగడమే అప్పట్లో పెద్ద ఊరట.

2003 ఏప్రిల్‌లో ఝెజియాంగ్ రాష్ట్రంలో ఒక విద్యార్థి, ఈ వైరస్ కారణంగా ఉద్యోగం దక్కలేదన్న ఆగ్రహంతో, అధికారులపై కత్తితో దాడి చేశాడు. ఒకరు మరణించారు, తర్వాత అతనికి మరణశిక్ష పడింది. ఆ దారుణాన్ని ఎవరూ సమర్థించలేరు. అయితే దాని వెనుక ఉన్న నియమాల గురించి దేశమంతా మాట్లాడుకోవడం అప్పుడే మొదలైంది.

అదే ఏడాది అన్హుయ్ రాష్ట్రంలోని వూహూ నగరంలో ఝాంగ్ షియన్‌ఝూ అనే యువకుడు ప్రభుత్వోద్యోగ పరీక్షలో తాను పోటీపడిన పోస్టుకు మొదటి స్థానంలో నిలిచాడు. వైద్యపరీక్షలో హెపటైటిస్-బి ఉందని తేలడంతో అనర్హుడన్నారు. మారుపేరు చాటున ఉండిపోకుండా అసలు పేరుతో నగర సిబ్బంది శాఖ మీద దావా వేశాడు. అతన్ని తిరస్కరించడానికి తగిన ఆధారం లేదని 2004 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. కానీ అప్పటికే ఆ ఉద్యోగం వేరొకరికి ఇచ్చేశారు. తీర్పు గెలిచిన మనిషికి కొలువు దక్కలేదు. ఆ గెలుపు ఫలితం తర్వాతివారికి అందింది. 2005లో సర్కారు కొలువుల వైద్య ప్రమాణాలు మారి, వైరస్ ఉన్నా జబ్బు లక్షణాలు లేనివారికి తలుపు తెరుచుకుంది. 2010 ఫిబ్రవరిలో విద్యాసంస్థల ప్రవేశాలకూ ఉద్యోగాలకూ జరిపే వైద్యపరీక్షల నుంచి హెపటైటిస్-బి పరీక్షనే తొలగించాలని మూడు మంత్రిత్వ శాఖలు ఆదేశించాయి. ఈ పోరాటాన్ని ముందుకు నడిపిన లూ జున్ తదితరుల సంస్థ యిరెన్‌పింగ్ కార్యాలయంపై 2015లో పోలీసులు దాడి చేశారు. నియమాలు మారినా, వాటిని మార్చమని అడిగినవారికి చోటు ఇరుకైంది.

పేరు చెప్పుకున్నవారు

2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆసియా మూలాలున్న అమెరికన్ల కోసం హెపటైటిస్-బి నిర్మూలన ప్రచారం మొదలైంది. దానికి ముఖంగా నిలిచిన ఫియోనా మా అప్పటికి కాలిఫోర్నియా శాసనసభ సభ్యురాలు. తనకు తల్లి నుంచి ఈ వైరస్ సోకిందని బహిరంగంగా చెప్పింది. 2010లో ఈ ప్రచారం వేసిన ప్రకటనల్లో మామూలు ఆసియా అమెరికన్ల బృందాల ఫొటోలు పెట్టి, వీరిలో ఎవరు చావాలి అని అడిగారు. చావు మాట ఎత్తడమే అశుభమనుకునే సమాజంలో అలా నేరుగా అడగడం సాహసమే.

2013లో న్యూజెర్సీలోని ఒక ప్రభుత్వ వైద్య విశ్వవిద్యాలయం హెపటైటిస్-బి ఉందని ఇద్దరు విద్యార్థుల సీట్లు వెనక్కి తీసుకున్న వివాదంలో, అమెరికా న్యాయశాఖ వికలాంగుల చట్టం కింద వారి పక్షాన పరిష్కారం కుదిర్చింది.

ప్రపంచ హెపటైటిస్ కూటమిని హెపటైటిస్-సి నుంచి బయటపడిన చార్లెస్ గోర్ వంటి రోగులే నడిపించారు. వారి ఒత్తిడి ఫలితంగా 2010లో ప్రపంచ ఆరోగ్య సభ బ్లంబర్గ్ పుట్టినరోజైన జూలై 28ని ప్రపంచ హెపటైటిస్ దినంగా గుర్తించింది. ఆ తర్వాత కూటమి అధ్యక్ష పదవి చేపట్టిన సు వాంగ్ అనే వైద్యురాలు, నైజీరియాకు చెందిన దంజుమా అడ్డా ఇద్దరూ హెపటైటిస్-బి ఉన్నవారే.

‘జస్ట్‌బీ’ కథనాలు

హెపటైటిస్-బి ఫౌండేషన్, కాలిఫోర్నియాలోని స్టోరీసెంటర్, ఆసియా-పసిఫిక్ ప్రజల ఆరోగ్య కేంద్రాల సంఘం కలిసి 2017లో ‘జస్ట్‌బీ’ పేరుతో వీడియో కథనాలు విడుదల చేశాయి. స్టోరీసెంటర్ పద్ధతి చూడదగ్గది. కొద్దిమంది ఒక గదిలో వలయంగా కూర్చుంటారు. ఒక్కొక్కరు తమ కథ వినిపిస్తారు, మిగతావారు వింటారు. తర్వాత దాన్ని కుదించి కాగితం మీద పెట్టుకుని, తమ గొంతుతోనే చదివి రికార్డు చేస్తారు. ఇంటి ఆల్బమ్ నుంచి తెచ్చిన ఫొటోలు జతచేస్తారు. చివరికి తేలేది కొద్ది నిమిషాల చిత్రం. ఏది చెప్పాలో, ఏది దాచుకోవాలో నిర్ణయం పూర్తిగా చెప్పేవారిదే. విలేఖరి అడిగితే జవాబిచ్చే రోగికీ ఈ రోగికీ తేడా అక్కడే ఉంది. 2021లో ఇదే ఫౌండేషన్ వివక్ష ఘటనలను నమోదు చేసే ఏర్పాటు కూడా చేసింది.

భారతదేశం, తెలుగు నేల

‘కూలీ’ చిత్రీకరణలో 1982లో తీవ్రంగా గాయపడినప్పుడు ఎక్కించిన రక్తం ద్వారా తనకు హెపటైటిస్-బి సోకిందనీ, దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత బయటపడేసరికి కాలేయంలో 75 శాతం పాడైపోయిందనీ అమితాబ్ బచ్చన్ 2015లో వెల్లడించారు. 2017లో ఆయన ఆగ్నేయాసియా ప్రాంతానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సద్భావన రాయబారి అయ్యారు. అంతటి నటుడు తన జబ్బు గురించి చెప్పుకున్న మాటకు విలువ ఎంతో ఉంది. అయితే రక్తమార్పిడి వల్ల వచ్చిందని చెప్పే పెద్ద నటుణ్ని ఎవరూ వేలెత్తి చూపరు. ఎలా సోకిందో తెలియని కూలీకి ఆ రక్షణ లేదు.

హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయ హెపటైటిస్-బి టీకాను తెచ్చి ధర సామాన్యులకు అందేలా చేసింది. 2007-08లో ప్రభుత్వ టీకా కార్యక్రమంలో హెపటైటిస్-బి టీకాను చేర్చిన పది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2018 జూలై 28న మొదలైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. 

అయితే గల్ఫ్‌కు వెళ్లే తెలుగువారి అనుభవం వేరు. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి వెళ్లే కార్మికులకు వీసా మెడికల్‌లో హెపటైటిస్-బి పరీక్ష ఉంటుంది. పాజిటివ్ వస్తే ‘అన్‌ఫిట్’. చాలామందికి తమకు వైరస్ ఉందని తెలిసేది ఆ కాగితం చూసినప్పుడే. ఏజెంటుకు కట్టిన అప్పు అలాగే ఉంటుంది. ప్రయాణం ఎందుకు ఆగిందని అడిగితే ఊళ్లో చెప్పలేరు. ఇలాంటివారికి దేశంలో ప్రత్యేక చట్టం అండ కూడా లేదు. హెచ్‌ఐవీ ఉన్నవారికి ఉద్యోగాల్లో, చదువుల్లో వివక్ష చూపకూడదని 2017లో పార్లమెంటు చట్టం చేసింది. బాధితుల సంఘాలు ఏళ్ల తరబడి బయటికొచ్చి మాట్లాడటం వల్ల వచ్చిన చట్టమది. దాని పరిధిలో హెపటైటిస్-బి లేదు.