మూడు వేళ్లు పట్టేంత నోరు

చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లు మూడూ కలిపి నిలువుగా పెడితే పళ్ల మధ్య పట్టాలి. పెద్దవాళ్ల నోరు మామూలుగా 35 నుంచి 55 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. అంతకు తగ్గితే ముద్ద పెట్టుకోవడమే కష్టం. ఆపరేషన్ తెరిచిన నోటిని కదలిక లేకపోతే గాయపు మచ్చే మళ్లీ మూసేస్తుందని ఒప్పుకోవడానికి వైద్యానికి చాలాకాలం పట్టింది.

పాత పద్ధతి బలవంతానిది. జర్మన్ శస్త్రవైద్యుడు లోరెంజ్ హైస్టర్ (1683–1758) పేరు మోస్తున్న దవడ తెరిచే పరికరం అలాంటిదే. మర తిప్పేకొద్దీ రెండు రేకులు విడిపోతూ దవడల్ని ఎడం చేస్తాయి. ఇవాళ్టికీ దాన్ని వాడుతున్నారు. 1850లలో కేంబ్రిడ్జ్‌లో శస్త్రవైద్యుడు హంఫ్రీ, బిగుసుకుపోయిన దవడ కీలు దగ్గర ఎముక కొనను తొలగించాడు. కానీ కోసిన ఎముకలు మళ్లీ అతుక్కునేవి. మధ్యలో కండ పొర పెట్టాలన్న ఆలోచన అందుకే పుట్టింది.

కదిలించడం మాట అటుంచితే, ఆ రోజుల్లో గాయానికి విశ్రాంతే మందు. లండన్ వైద్యుడు జాన్ హిల్టన్ 1863లో అచ్చువేసిన ఉపన్యాసాలు ఆ నమ్మకానికి పెద్ద దన్ను. ఫ్రాన్స్‌లో లూకాస్ షాంపియోనియేర్ మాత్రం ఎముక విరిగినా మర్దన, కదలిక కావాలని వాదించాడు. 1970లలో టొరంటోలో రాబర్ట్ సాల్టర్ కుందేళ్ల కీళ్లపై చేసిన ప్రయోగాలు కదలిక పక్షానికి బలమిచ్చాయి. దెబ్బతిన్న మృదులాస్థి, కీలును ఆపకుండా ఆడిస్తేనే బాగా మానింది. దవడ శస్త్రచికిత్సలో 1990లో కాబన్ బృందం ఇచ్చిన చికిత్సా క్రమం తీవ్రమైన వ్యాయామాన్ని అందులో విడదీయరాని భాగం చేసింది. నా దృష్టిలో ఈ చరిత్రకు అసలు మలుపు అదే.

1993లో బుక్‌బైండర్ బృందం రేడియేషన్‌తో నోరు బిగుసుకున్నవారిలో మూడు పద్ధతులు పోల్చింది: ఉత్త వ్యాయామం, దానికి తోడు పేర్చిన చెక్క పుల్లలు, చేతితో నొక్కే దవడ పరికరం. పరికరమే గెలిచింది. రోజుకు ఏడుసార్లు, ప్రతిసారీ ఏడు సాగదీతలు, ఒక్కొక్కటి ఏడు సెకన్లు అన్న లెక్క దానితోనే వాడుకలోకి వచ్చింది.

మన దగ్గర ఆ పరికరం కొనగలిగేవారు కొద్దిమంది. వక్క, గుట్కా నమలడంతో నోటి లోపలి పొర గట్టిపడి నోరు తెరుచుకోని జబ్బును 1952లో ష్వార్ట్జ్, కెన్యాలోని భారతీయ స్త్రీలలో గుర్తించాడు. మరుసటి ఏడాది బొంబాయిలో జోషి దాన్ని వివరించాడు. ఆ జబ్బుకు ఆపరేషన్ చేయించుకున్నవారికి ఐస్‌క్రీం పుల్లలే దిక్కు. దవడ పళ్ల మధ్య కట్టగా పేర్చి, నడుమ ఇంకో పుల్ల మెల్లగా దూర్చాలి. కళ్లలో నీళ్లు తిరుగుతాయి. నెలల తరబడి సాగాలి.

ఇంటికి పంపే కాగితంలో ‘వ్యాయామం చేయాలి’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోవడం రోగికి అన్యాయం. ఇవాళ ఎన్ని పుల్లలు, రోజుకు ఎన్నిసార్లు, ఎంతసేపు ఉంచాలి, నొప్పి మాత్ర ఎంత ముందు వేసుకోవాలి, రక్తం కనబడితే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ అందులో ఉండాలి. పుల్లలు లెక్కపెట్టే ఇంటి మనిషికి కూడా చెప్పాలి.